ఏడంగుళాల దీపాలు: పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి హెడ్‌లైట్లు మార్చుకున్న నా అనుభవం

నా పాత ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ బండికి ముందువైపు ఉన్నవి 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లు. 1940లో అమెరికాలో సీల్డ్ బీమ్ దీపాలు (బల్బు విడిగా ఊడిరాకుండా అంతా ఒకే ముద్దగా ఉండేవి) ప్రమాణంగా స్థిరపడినప్పుడు వచ్చిన ఈ కొలత ఆ తరువాత జీపులు, ల్యాండ్ రోవర్లు, ల్యాండ్ క్రూజర్లు మొదలుకొని ఎన్నో బండ్లలో దశాబ్దాల పాటు కొనసాగింది. అందువల్ల బండి ఎంత పాతదైనా, దాని మిగతా విడిభాగాల కోసం ఎంత వెతుక్కోవలసి వచ్చినా, హెడ్‌లైట్లలో మాత్రం ఈనాటికీ కావలసినన్ని రకాలు దొరుకుతాయి. ఇన్ని రకాలు దొరకడంతోనే మొదటి చిక్కు వస్తుంది. ఏది కొనాలన్న ప్రశ్న ముందుకు వచ్చి, ఉన్న దీపం ఎందుకు సరిగా వెలగడం లేదన్న ప్రశ్న వెనక్కు పోతుంది. నేను ఈ రెండో ప్రశ్నతోనే పని మొదలుపెట్టాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

నా బండి లైట్లు ఆరిపోయేవి కావు, మసకగా వెలిగేవి. లో బీమ్ (దగ్గరి బాట మీదికి కిందికి పడే వెలుగు, దూరానికి పడేది హై బీమ్) పసుపు దాటి ఎర్రబారినట్టు కనిపించేది. ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు ఇంకా తగ్గి, యాక్సిలరేటర్ తొక్కగానే కొంచెం పుంజుకొనేది. రాళ్ల బాటలో పాకుతూ వెళ్లేటప్పుడు, వాగు ఒడ్డు దిగేటప్పుడు ఇంజిన్ వేగం ఎలాగూ తక్కువగానే ఉంటుంది. అంటే వెలుగు ఎక్కువగా కావలసిన చోటే తక్కువగా అందేది. చీకట్లో గుంత లోతును మనం దాని నీడను బట్టి అంచనా వేస్తాం. మసక వెలుగులో నీడకు స్పష్టమైన అంచు ఉండదు కాబట్టి, జానెడు గుంత, మూరెడు గుంత ఒకేలా కనిపిస్తాయి.

పాత బండి లైట్ల సంగతి ఎత్తగానే చాలామంది చెప్పే మాట, పాత బల్బులు తీసేసి ఎల్ఈడీ బల్బులు వేసుకోమని. నేను ముందు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ చేతిలోకి తీసుకున్నాను. ఇంజిన్ నడుస్తూ, లో బీమ్ వెలుగుతూ ఉండగా బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 13.8 వోల్టులు చూపించింది. హెడ్‌లైటు వెనుక, హోల్డరు (దీపానికి కరెంటు అందించే ప్లగ్గు) దీపానికి తగిలించి ఉండగానే దాని పిన్నుల దగ్గర కొలిస్తే 11.9 మాత్రమే వచ్చింది. హోల్డరు ఊడదీసి ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే ఈ తేడా కనబడదు. కరెంటు ప్రవహిస్తున్నప్పుడే తీగలోని, కాంటాక్టుల్లోని నిరోధం వల్ల వోల్టేజీ పడిపోతుంది కాబట్టి, లైటు వెలుగుతుండగా కొలిస్తేనే ఆ కొలతకు అర్థం ఉంటుంది.

పోతున్నది 1.9 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఫిలమెంటు దీపం వెలుగు వోల్టేజీతో పాటు అదే నిష్పత్తిలో తగ్గదు, దాదాపు దాని 3.4వ ఘాతాన్ని అనుసరించి తగ్గుతుంది. వోల్టేజీ 10 శాతం పడిపోతే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. 13.8 అందవలసిన చోట 11.9 అందుతోందంటే, ఆ దీపం ఇవ్వగలిగిన వెలుగులో 60 శాతమే బాట మీద పడుతోందన్నమాట. రంగు ఎర్రబారడానికి కారణం కూడా ఇదే, ఫిలమెంటు ఎక్కవలసినంత వేడెక్కడం లేదు. ఈ లెక్క తేలాక కొత్త దీపాలు కొనాలన్న తొందర నాకు తగ్గింది. ఎంత మంచి హాలోజన్ దీపం తెచ్చి ఈ తీగలకు తగిలించినా దానికీ ఇదే గతి పడుతుంది.

వోల్టేజీ ఎక్కడ పోతోందో తరువాత భాగాలుగా వెతికాను. మీటరు ఒక కడ్డీని బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోదాన్ని హోల్డరులో లైవ్ పిన్ను మీద పెడితే 1.3 వోల్టులు కనిపించాయి. బ్యాటరీ నెగటివ్‌కూ హోల్డరు ఎర్త్ పిన్నుకూ మధ్య 0.6 వచ్చింది. మొత్తం నష్టంలో దాదాపు మూడో వంతు ఎర్త్ వైపే ఉందన్నమాట. వైరింగ్ చూసేవారు సాధారణంగా లైవ్ తీగ మీదే దృష్టి పెడతారు గాని, కరెంటు వెళ్లడానికి ఎంత మంచి దారి కావాలో తిరిగి రావడానికీ అంతే మంచి దారి కావాలి.

ఎర్త్ సంగతి తేలిగ్గానే తేలింది. గ్రిల్లు వెనుక రెండు లైట్ల ఎర్త్ తీగలు ఒకే బోల్టుతో బాడీ రేకుకు బిగించి ఉన్నాయి. ఆ రేకు మీద ఎప్పుడో వేసిన పెయింటు, దాని కింద తుప్పు, రింగు లగ్గు (తీగ చివర ఉండే లోహపు రింగు) చుట్టూ ఆకుపచ్చటి చిలుము కనిపించాయి. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త లగ్గులు వేసి, పళ్ల వాషరుతో బిగించి, పైన గ్రీజు పూశాను. ఆ చిన్న పనికే దీపం రంగులో తేడా కనిపించింది.

లైవ్ వైపు అంత సులువుగా తెమలలేదు. పాత బండ్లలో చాలావాటిలో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సుకు, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్‌కు, ఆ తరువాత లో బీమ్, హై బీమ్ మార్చే డిమ్మర్ స్విచ్‌కు చేరి, మళ్లీ ముందుకు లైట్ల దాకా వస్తుంది. రెండు లో బీమ్‌లు కలిసి తీసుకొనే 8, 9 ఆంపియర్లు ఇంత దూరం సన్నటి తీగలో ప్రయాణించాలి. నా బండిలో డిమ్మర్ స్విచ్ క్లచ్ పెడల్ పక్కన నేల మీద, ఎడమ కాలితో నొక్కే రకానిది. దాన్ని విప్పి చూస్తే లోపల ఇత్తడి పలక మీద ఎండిన బురద పొర, కాంటాక్టుల చుట్టూ నల్లగా కాలిన గుంటలు కనిపించాయి. బూట్ల నుంచి కారిన నీరు, మట్టి ఏళ్ల తరబడి అందులోకి దిగుతూనే ఉన్నాయి. ఆ ఒక్క స్విచ్ దగ్గరే అర వోల్టు పోతోంది. డ్యాష్‌బోర్డు స్విచ్ కూడా లైట్లు కాసేపు వెలిగాక చేతికి వెచ్చగా తగిలేది. స్విచ్ వేడెక్కుతోందంటే, దీపంలో వెలుగు కావలసిన శక్తి అక్కడ వేడిగా పోతోందని అర్థం.

ఈ స్విచ్‌లను శుభ్రం చేసి వదిలేయవచ్చు. కానీ వాటి మీద ఆ భారం ఉన్నంత కాలం కాంటాక్టులు మళ్లీ కాలుతూనే ఉంటాయి. అందుకని రిలేలు పెట్టాలని నిశ్చయించుకున్నాను. రిలే చేసే పని చాలా సరళమైనది. పాత స్విచ్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు లోపలి కాయిల్‌కు అందితే, బ్యాటరీ నుంచి లైటుకు నేరుగా వెళ్లే మందపాటి దారి తెరుచుకొంటుంది. కాయిల్‌కు ఆంపియరులో ఆరేడో వంతు చాలు కాబట్టి, పాత స్విచ్‌లకూ పాత తీగలకూ అప్పటి నుంచి విశ్రాంతి దొరుకుతుంది.

లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున నాలుగు పిన్నుల రిలేలు రెండు తీసుకున్నాను. పిన్నుల మీద ఉండే 30, 87, 85, 86 అంకెల అర్థం దాదాపు అన్ని కంపెనీలలోనూ ఒకటే. 30కి బ్యాటరీ నుంచి వచ్చే తీగ, 87 నుంచి లైటుకు వెళ్లే తీగ, 86కు పాత హెడ్‌లైటు వైరు, 85కు ఎర్త్ ఇచ్చాను. పాత వైరింగ్‌ను ఎక్కడా కోయలేదు. ఒక లైటు పాత హోల్డరులోనే కొత్త వైరింగ్ ప్లగ్గు పెట్టి, రెండో లైటు హోల్డరును తడి తగలకుండా చుట్టి కట్టేశాను. ఎప్పుడైనా కొత్త వైరింగ్ మొరాయిస్తే పాత హోల్డరును తిరిగి దీపానికి తగిలించుకొని ఇల్లు చేరవచ్చు. మారుమూల బాటల్లో తిరిగే బండికి ఈ ఏర్పాటు చాలా విలువైనది.

పని మొదలుపెట్టే ముందు చూసుకోవలసిన విషయం ఒకటి ఉంది. కొన్ని బండ్లలో, ముఖ్యంగా కొన్ని పాత టయోటాలలో, స్విచ్ లైవ్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. అటువంటి హోల్డరులో ఉమ్మడి పిన్నుకు లైవ్ వస్తుంది, లో బీమ్, హై బీమ్ పిన్నులు స్విచ్ ద్వారా ఎర్త్ అవుతాయి. మామూలు పద్ధతిలో కట్టిన రెడీమేడ్ వైరింగ్‌ను అటువంటి బండికి తగిలిస్తే రిలే పని చేయదు. మీటరుతో ఒక్క నిమిషంలో తేలే ఈ విషయాన్ని తేల్చుకున్నాకే వైరింగ్ కొనడం మంచిది.

బ్యాటరీ నుంచి రిలేల దాకా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, అక్కడి నుంచి ఒక్కొక్క లైటుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడాను. బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల ప్రధాన ఫ్యూజు పెట్టి, రిలేల తరువాత ఎడమ లైటుకూ కుడి లైటుకూ వేరువేరుగా 10 ఆంపియర్ల ఫ్యూజులు ఇచ్చాను. రెండింటికీ కలిపి ఒకే ఫ్యూజు పెట్టడం సులువే. కానీ ఒక లైటు తీగ ఎక్కడైనా ఒరుసుకొని షార్ట్ అయితే లోయ అంచున మలుపు తిరుగుతుండగా రెండు లైట్లూ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఈ విషయంలో ఖర్చు, శ్రమ చూసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. జాయింట్లను టంకం పెట్టకుండా, మంచి క్రింపింగ్ పట్టుకారుతో నొక్కి, లోపల జిగురు ఉండే స్లీవ్‌ను వేడిచేసి బిగించాను. టంకం తీగ పోగుల్లోకి పాకినంత మేర తీగ బిరుసెక్కి, ఎడతెగని కుదుపులకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగే అవకాశం ఎక్కువ. రిలేలను బ్యాటరీ వెనుక ఎత్తైన చోట, నీరు లోపల నిలవకుండా పిన్నులు కిందికి ఉండేలా బిగించాను.

దీపాలు మార్చకుండా మళ్లీ కొలిచాను. ఒక్కొక్క మార్పు ఎంత ఫలితం ఇచ్చిందో విడిగా తెలియాలన్నది నా ఉద్దేశం. బ్యాటరీ దగ్గర అదే 13.8 ఉండగా, హోల్డరు దగ్గర ఇప్పుడు 13.4 వచ్చింది. వెలుగు లెక్కలో చూస్తే అవే పాత దీపాల నుంచి మునుపటికి ఒకటిన్నర రెట్లు. గోడ మీద ఎర్రగా మసకగా పడిన మచ్చ తెల్లబడి, దాని అంచు తేటపడింది. వోల్టేజీ పెరిగితే ఫిలమెంటు ఆయువు తగ్గుతుందన్నది నిజమే, అదీ చిన్న పెరుగుదలకే బాగా తగ్గుతుంది. అయినా బల్బు రెండేళ్లు ఎక్కువ మన్నడం కంటే, అది వెలిగినంత కాలం బాట కనిపించడమే నాకు ముఖ్యం.

ఆ తరువాతే దీపాల ఎంపికకు వచ్చాను. సీల్డ్ బీమ్‌లో ఫిలమెంటు, రిఫ్లెక్టరు, అద్దం అన్నీ ఒకే ముద్దగా ఉంటాయి కాబట్టి ఫిలమెంటు కాలితే మొత్తం పారేయాలి. వాటి స్థానంలో 1971లో వచ్చిన హెచ్4 హాలోజన్ బల్బు పట్టే, గాజు అద్దం ఉన్న రిఫ్లెక్టర్ దీపాలు తీసుకున్నాను. అందులో లో బీమ్‌కు 55 వాట్లు, హై బీమ్‌కు 60 వాట్లు. ఈ బల్బు నిర్మాణం తెలిస్తే, అదే రిఫ్లెక్టరు గిన్నెలో ఎల్ఈడీ బల్బు ఎందుకు పెట్టకూడదో కూడా తెలుస్తుంది. హెచ్4 లోపల లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొన్నె ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును అడ్డుకోవడంతో రిఫ్లెక్టరు పై సగం మాత్రమే వెలిగి, బాట మీద వెలుగుకు పైన ఒక స్పష్టమైన గీత ఏర్పడుతుంది. ఎదుటివాడి కళ్లలో వెలుగు పడకుండా కాపాడేది ఆ గీతే. సన్నటి ఫిలమెంటు నిలబడే చోటును మిల్లీమీటరులో కొద్ది భాగం తేడాతో లెక్కగట్టి గిన్నె వంపును తయారుచేస్తారు. ఎల్ఈడీ బల్బులో ఒక పలకకు అటూ ఇటూ అతికించిన చిప్పులు ఆ ఆకారాన్ని సరిగ్గా అనుకరించలేవు. దగ్గరలో వెలుగు ఎక్కువై, దూరంలో తగ్గి, గీత చెదిరి, ఎదురుగా వచ్చేవారిని ఇబ్బంది పెడుతుంది. చాలా దేశాల్లో ఇలా మార్చడం రోడ్డు నిబంధనలకు విరుద్ధం కూడా.

మొదటి నుంచీ ఎల్ఈడీ కోసమే తయారుచేసిన 7 అంగుళాల పూర్తి దీపాల సంగతి వేరు. వాటిలో మంచివి చాలా మంచివి. కరెంటు తక్కువ తీసుకోవడం వల్ల పాత బండిలో కరెంటు తయారుచేసే బలహీనమైన ఆల్టర్నేటరుకు భారం తగ్గుతుంది. ఇంజిన్ నిదానంగా తిరిగినప్పుడు కూడా వెలుగు తగ్గదు. వాటిని కాదని నేను హాలోజన్‌కే కట్టుబడడానికి కారణం ఒక్కటే. ఎక్కడో రాళ్ల మధ్య ఆగిపోతే బల్బు మార్చుకొని కదలగలను, పూర్తి ఎల్ఈడీ దీపం లోపల పాడైతే అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. చలి ప్రదేశాల్లో మంచు పడే చోట తిరిగేవారికి ఇంకొక తేడా తెలుస్తుంది. హాలోజన్ వేడికి అద్దం మీది మంచు కరుగుతుంది, ఎల్ఈడీ అద్దం చల్లగానే ఉండి మంచును పట్టి ఉంచుతుంది.

ఏ రకం తీసుకున్నా అద్దం మీది గుర్తులు చదవాలి. ఐరోపా ప్రమాణాన్ని పాటించే దీపం మీద వృత్తం లోపల ఆంగ్ల ‘ఈ’ అక్షరం, దాని పక్కన ఒక సంఖ్య ఉంటాయి. ‘హెచ్‌సీఆర్’ అని ఉంటే హాలోజన్ లో బీమ్, హై బీమ్ రెండూ ఉన్నాయని అర్థం. రోడ్డుకు ఎడమ వైపు నడిచే దేశాల కోసం చేసిన దీపం మీద బాణం గుర్తు ఉంటుంది, కుడి వైపు నడిచేవాటి కోసం చేసినదాని మీద ఉండదు. ఇది చూడకుండా కొంటే, బాట అంచును చూపించడానికి 15 డిగ్రీలు పైకి లేచే వెలుగు సరిగ్గా ఎదుటి బండి మీద పడుతుంది. ఇక 100 వాట్ల బల్బుల జోలికి నేను పోలేదు. అవి హోల్డరును కరిగించి, రిఫ్లెక్టరు పూతను చెడగొట్టగలవు.

బిగించే పని పెద్దదేమీ కాదు. బయటి రింగును పట్టి ఉంచే మూడు చిన్న మరలు మాత్రమే విప్పాలి. పక్కనే ఉండే రెండు పెద్ద మరలు దీపం దిశను సరిచేసేవి. తుప్పు పట్టిన మరలకు ముందు రోజే నూనె పెట్టి ఉంచితే తల విరగకుండా వస్తాయి. హెచ్4 బల్బు గాజును చేతితో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి చెడిపోతుంది. వెనుక రబ్బరు టోపీని కింది రంధ్రం కిందికే ఉండేలా అంచులన్నీ అదిమి తొడగాలి. సీల్డ్ బీమ్ కంటే హెచ్4 దీపం వెనుకవైపు ఎక్కువ పొడవుంటుంది కాబట్టి, హోల్డరు తగిలించాక వెనుక తీగ నలగకుండా చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ ఓపికగా చేసింది దీపాల దిశను సరిచేసే పని. చదునైన నేల మీద గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో బండి నిలిపాను. అంతకుముందే టైర్లలో గాలి సరిచేసి, మామూలుగా ప్రయాణంలో ఉండే సామాను వెనుక పెట్టి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టాను. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లిస్తే స్ప్రింగులు తమ సహజ స్థితికి వస్తాయి. ఆకు స్ప్రింగుల బండికి ఇది తప్పనిసరి. దీపం మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో ఒక అడ్డగీత, రెండు దీపాలకు ఎదురుగా రెండు నిలువు గీతలు టేపుతో అంటించాను. 10 మీటర్ల దగ్గర ఒక శాతం వాలు అంటే 10 సెంటీమీటర్లు. దీపం 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఒక శాతం వాలుతో వెలుగు గీత 90 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది, ఒకటిన్నర శాతంతో 60 మీటర్ల దగ్గరే ఆగుతుంది. నా బండి దీపాలు కారు దీపాల కంటే ఎత్తులో ఉన్నాయి కాబట్టి ఎదుటివారి కళ్లు గుర్తుంచుకొని ఒకటిన్నర శాతానికే పెట్టాను. ఒక దీపాన్ని గుడ్డతో కప్పి, రెండోదాన్ని సరిచేసి, మళ్లీ అటూ ఇటూ మార్చి చూశాను. పక్క మర, పై మర ఒకదానినొకటి కొంచెం కదిలిస్తాయి కాబట్టి రెండింటినీ మార్చి మార్చి తిప్పవలసి వచ్చింది.

ఇంత చేశాక అదే రాళ్ల బాటలో తేడా మొదటి మలుపులోనే తెలిసింది. గుంతల నీడలకు అంచులు వచ్చాయి, బాట పక్క పొదల ఆకులు విడివిడిగా కనిపించాయి, ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నా వెలుగు పెద్దగా తగ్గలేదు. అదనపు స్పాట్‌లైట్లు కొనాలన్న ఆలోచన అక్కడితో విరమించుకున్నాను.

ఇప్పుడు నేను పాటించే జాగ్రత్తలు కొన్నే. లోతైన నీటిలోకి దిగే ముందు వీలైతే కాసేపు లైట్లు ఆర్పి ఉంచుతాను, వేడెక్కిన అద్దానికి చన్నీళ్లు తగిలితే పగిలే ప్రమాదం ఉంది. స్ప్రింగులు మార్చినా, టైర్ల సైజు మార్చినా, వెనుక భారం పెరిగినా దీపాల దిశ మళ్లీ చూసుకొంటాను. వానాకాలం ముగిశాక ఒకసారి మీటరుతో వోల్టేజీ కొలుస్తాను. తేడా అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టుతో మొదలుపెట్టి వెతుకుతాను. బండిలో ఒక హెచ్4 బల్బు, కొన్ని 10 ఆంపియర్ల ఫ్యూజులు ఎప్పుడూ ఉంటాయి. విడిగా రిలే మోయనవసరం లేకుండా హారన్‌కు కూడా అదే రకం నాలుగు పిన్నుల రిలే పెట్టాను, దారిలో లైటు రిలే చెడిపోతే హారన్ రిలేను ఊడదీసి దాని స్థానంలో గుచ్చుకోవచ్చు.